వాలుబయలులో ముప్పావు ఘడియ

కురువింద రాజ్యానికి ఉత్తరపు సరిహద్దున నీలపు కొండల వరుస దిగగానే వాలుబయలు మొదలవుతుంది. దూరం నుంచి చూసినవాళ్ళకి అంతకంటే అందమైన చోటు ముల్లోకాల్లోనూ లేదనిపిస్తుంది. అద్దం పరిచినట్టు చదునైన నేల, మోకాలెత్తు పచ్చిక, ఆ పచ్చికలో ఊదాపూలు, పసుపుపూలు. బయలు నడిమధ్య గుమ్మడికాయంత నల్లగుండు ఒకటి సూర్యుడి వెలుగుని తాగేస్తూ పడి ఉంటుంది. దాని వెనక మాంత్రికుడు తామ్రజటి రాగిగోపురం ధగధగా మెరుస్తుంటుంది.

దగ్గరికి వెళ్ళి చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. అక్కడ ఒక్క గడ్డిపరకా నిటారుగా లేదు. అన్నీ నల్లగుండుకి వీపు తిప్పి, ఏటవాలు గట్టు మీద మొలిచినట్టు బయటికి ఒరిగి ఉన్నాయి. వానపడితే చినుకులు గుండువైపు ఏటవాలుగా పడతాయి. గుండు వెనకున్న గోపురం ఒక్కటే అయినా, గుండుకి కుడిపక్కన ఒకటీ ఎడమపక్కన ఒకటీ రెండుగా కనిపిస్తుంది.

ఆ బయలు అంచున, తెల్లరాళ్ళు పేర్చిన వలయం పక్కన, పోలన మోకాళ్ళ మీద కూర్చుని నేలని చూస్తున్నాడు. పోలన కురువింద రాజ్యంలో భూములు కొలిచేవాడు. కత్తిసాము రాదు, మంత్రాలు అసలే రావు. నడుముకి ఎప్పుడూ చుట్టుకునే కొలత గొలుసు పట్టుకుని అడుగులు లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు. ఆ లెక్క నిద్రలో కూడా తప్పడు.

"ఇంకా ఎంతసేపు చూస్తావు?" అంది వెనక నిలబడ్డ మేకలకాపరి పిల్ల. ముతక కంబళి కప్పుకుంది కాని ఆమె రాకుమారి కువలయ. దండనాయకుడు చండకేతు మనుషుల కన్నుగప్పడానికి రాజధాని నుంచి ఆ వేషంలోనే వచ్చింది. ఆమె అన్న జయధీరుడు ఈ బయలులోకి వెళ్ళి పన్నెండేళ్ళ మూడు నెలలయింది. పట్టానికి వారసుడు పదమూడేళ్ళలోగా తిరిగి రాకపోతే రాజ్యం దండనాయకుడిదవుతుందని కురువింద ధర్మం. మిగిలింది తొమ్మిది నెలలు.

"అమ్మా, ఈ అడుగులు చూడండి" అన్నాడు పోలన. "పోయిన వానకారులో మన సైన్యం లోపలికి నడిచింది కదా, అప్పటి గుర్తులు. బురదలో దిగి ఎండిపోయాయి."

"చూశాను. అందరినీ మాయాపాశాలు వేసి లాక్కుపోయారు. అలాంటి పాశాలు తెంచడానికే పన్నెండేళ్ళ కిందట మా అన్న మంత్రఖడ్గం పట్టుకుని వెళ్ళాడు."

"తాడేసి లాగితే మనిషి ఏం చేస్తాడు? మడమలు నేలకి తన్నిపెడతాడు. గుర్తు ఈడ్చుకుపోయి సాగుతుంది. ఇక్కడ ఒక్క గుర్తూ సాగలేదు. ప్రతివాడూ తిన్నగా నడుస్తున్నాననే అనుకుంటూ అడుగులో అడుగు వేశాడు. తీరా చూస్తే వరుస వరుసంతా గుండువైపు తిరిగిపోయింది. పాశాలు లేవమ్మా. ఎవరూ లాగలేదు."

కువలయ ముఖం జేవురించింది. "అయితే మా అన్న గాలితో యుద్ధం చేస్తున్నాడా?"

దానికి జవాబు తెల్లరాళ్ళ పక్కన గుడిసె వేసుకుని ఉంటున్న శంబరి అవ్వ చెప్పింది. "అవునమ్మా. గాలితోనే" అంటూ కర్ర ఊతగా పట్టుకుని బయటికి వచ్చింది. ముగ్గుబుట్టలాంటి తల, ముడతలు పడిన చేతులు. "ఆ పాశాల కథ పుట్టించిందీ, మీ అన్నకి ఆ ఉత్తకత్తి అంటగట్టిందీ తామ్రజటే. వాడూ నేనూ ఒకే గురువు దగ్గర చదువుకున్నాం, ఒకే ఈడువాళ్ళం. నాకు ఎనభై వచ్చాయి. వాడికి ఇంకా ముప్పై నిండలేదు."

పోలన లేచి నిలబడ్డాడు. "అవ్వా, నిన్న ఈ తెల్లరాళ్ళ వలయం కొలిచాను. చుట్టుకొలత ఆరువందల అరవై బారలు. అంత వలయంలో అంచు నుంచి నడిమికి నూట అయిదు బారలు ఉండాలి. ఒక దుంగకి తాడు కట్టి లోపలికి వదిలాను. నూట అరవై బారల తాడు పోయింది, దుంగ ఇంకా గుండుని చేరలేదు. నా కొలత తప్పా?"

"నీ కొలత తప్పు కాదు నాయనా. బయలే వంగింది. కంటికి చదును, కొలతకి లోతు. ఆ గుండు చూడ్డానికి గుమ్మడికాయంత, బరువుకి పర్వతమంత. అంత బరువు ఒకచోట పడితే దాని చుట్టూ ఉన్న చోటు వంగుతుంది. చోటొక్కటే కాదు, కాలమూ వంగుతుంది. గుండు దగ్గరికి పోయేకొద్దీ కాలం మందంగా నడుస్తుంది. లోపల ఎర్రరాళ్ళ వలయం ఉంది చూడు, అక్కడ ఒక్క ఘడియ గడిస్తే మనకిక్కడ ఏడాది. తామ్రజటి అందుకే ఆ గుండుని తెచ్చాడు. బయట రాజులందరూ ముసలివాళ్ళై పోయేదాకా లోపల కూర్చుని, పడుచువాడిగా వచ్చి సింహాసనం ఎక్కుదామని వాడి ఎత్తు."

కువలయ వేళ్ళు ముడుస్తూ లెక్కవేసింది. "అంటే మా అన్న లోపలికి వెళ్ళి పన్నెండు ఘడియలేనా అయింది?"

"పన్నెండుంబావు. పొద్దున వెళ్ళినవాడికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. ఎర్రరాళ్ళ దగ్గర ఒక బండని కరుచుకుని వేలాడుతున్నాడు."

"కాలం మందమైతే మనిషి ఎందుకు పడాలవ్వా?" అన్నాడు పోలన. అతడికి అర్థంకానిది అదొక్కటే.

"జోడెడ్ల బండి తోలావా?"

"తోలాను."

"ఎడమ ఎద్దు అడుగు మందమైతే బండి ఏమవుతుంది?"

"ఎడమకి తిరుగుతుంది."

"దాన్ని ఎవరైనా ఎడమకి లాగారా?"

"లేదు."

"నీ ఒళ్ళే ఆ బండి. ఈ బయలులో నిలబడితే గుండువైపు భుజానికి కాలం మందం, అవతలి భుజానికి వడి. నువ్వు కదలకపోయినా కాలంలో ముందుకి పోతూనే ఉంటావు కదా? ఆ పోకే గుండువైపు తిరిగిపోతుంది. చెట్టునుంచి మామిడిపండు నేలమీద పడటమూ ఇంతే. భూమి పండుని లాగదు. భూమికి దగ్గరగా కాలం రవ్వంత మందం, పండు దారి అటు తిరుగుతుంది. పడేవాడికి బరువు తెలియదు, నొప్పీ తెలియదు. పడకుండా పట్టుకుని వేలాడేవాడికే ఒళ్ళు విరిగిపోతుంది."

పోలన గుండువైపు తిరిగిన అడుగుల వరుసని వేలితో కొలిచాడు. తరవాత, "వేగంగా పోయే బండి కొంచెమే తిరుగుతుంది" అన్నాడు మెల్లగా.

అవ్వ కళ్ళు మెరిశాయి. "ఆ! నెమ్మదిగా పోయినవాడు నడిమికి పోతాడు. మెరుపులా పోయినవాడు వంగి, గుండుని చుట్టి, అవతలి ఒడ్డున తేలతాడు. మధ్యరకం వేగమైతే గుండు చుట్టూ గిరగిరా తిరుగుతూనే ఉంటాడు."

ఇక మాటలతో పని లేకపోయింది. గుడిసె వెనక కట్టేసిన కువలయ గుర్రం సారంగి రాజ్యం మొత్తంలో వేగమైంది. తనే వెళతానంది ఆమె.

"వద్దమ్మా" అన్నాడు పోలన. "మీరిద్దరూ లోపల ఇరుక్కుంటే చండకేతుకి అడ్డుచెప్పడానికి రాజవంశంలో ఎవరూ ఉండరు. పైగా ఇది లెక్క పని. తొమ్మిది నెలలంటే అక్కడ ముప్పావు ఘడియ. తాపీగా ఒకటి, రెండు అని లెక్కపెడితే వెయ్యి ఎనభై. ఆపైన ఒక్కటి ఎక్కువైనా పట్టం పోయినట్టే."

కువలయ గుర్రం మెడ నిమిరి కళ్ళెం అతడి చేతికిచ్చింది. "మా అన్న మొండివాడు. మాట వినడు" అంది.

పోలన సారంగిని అరకోసు దూరం వెనక్కి తీసుకుపోయి, అక్కడినుంచి దౌడు తీయించాడు. తెల్లరాళ్ళ వలయానికి నేరుగా నడిమికి కాకుండా పక్కగా గురిపెట్టాడు. గిట్టల కింద నేల కరకరలాడింది. చెవుల్లో గాలి హోరెత్తింది. వలయం దాటిన మరుక్షణం అతడి కడుపులో తేలిగ్గా ఏదో జారినట్టయింది, ఉయ్యాల పైకి పోయి దిగేటప్పటిలా. ఏ పక్కకీ లాగుతున్నట్టు అనిపించలేదు. సారంగి తిన్నగానే పరిగెత్తుతోంది. తల తిప్పి చూస్తే మాత్రం వెనక వాళ్ళ దారి కొడవలిలా వంగి ఉంది.

"ఒకటి, రెండు, మూడు" అంటూ లెక్క మొదలుపెట్టాడు.

ఆకాశానికి పిచ్చెక్కింది. సూర్యుడు తూర్పున లేచి తల మీదుగా దూసుకుపోయి పడమట పడ్డాడు. చీకటి. చుక్కలు సర్రున జారాయి. మళ్ళీ సూర్యుడు. ఎర్రరాళ్ళు దగ్గరపడేసరికి రెండు లెక్కలకి పగలు, రెండు లెక్కలకి రాత్రి. బయట నీలపు కొండల మీద తంగేడు పసుపు పులుముకుని, అది కాస్తా రాలిపోయి, మబ్బులు కమ్మి విడిపోయాయి. వెన్నెల పెరిగి తరిగి, కన్ను మూసి తెరిచినట్టు మిణుకుతోంది. కువలయ ఎక్కడా కనిపించలేదు. ఒకేచోట రోజుల తరబడి కదలకుండా ఉన్నదే లోపలివాళ్ళ కంటికి ఆనుతుంది. గుడిసె ఉంది, కొండ ఉంది. మనుషులు లేరు.

నూట యాభై దగ్గర జయధీరుడు కనిపించాడు. ఇరవై ఏళ్ళ పడుచువాడు. ఎర్రరాళ్ళ పక్కన ఏనుగంత బండని ఎడమచేత్తో కావలించుకుని, కాళ్ళు గుండువైపు గాలిలో వేలాడుతుండగా, కుడిచేతి కత్తితో శూన్యాన్ని నరుకుతున్నాడు. మెడనరాలు ఉబ్బి, ముఖం చెమటతో నిగనిగలాడుతోంది.

"ప్రభూ, చెయ్యి వదలండి! నా వెనక ఎక్కండి!" అని అరుస్తూ పోలన చెయ్యి చాచాడు.

"వదిలితే చస్తాను!" అని గర్జించాడు రాకుమారుడు. "తామ్రజటి బంటువా? ఇందాకటినుంచి ఆకాశంలో దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ భయపెడుతున్నారు. ఈ పాశం తెంపేదాకా వదలను!"

"పాశం లేదు! మీకోసం బయట పన్నెండేళ్ళు..."

మాట పూర్తయ్యేలోగా సారంగి బండని దాటిపోయింది. పోలన పళ్ళు కొరికాడు. ఇప్పుడు బయటికి తేలితే మళ్ళీ లోపలికి రావడానికి వేళ చాలదు. గుర్రం వేగం కాస్త తగ్గించి, గుండు చుట్టూ తిరిగే దారిలో పడేశాడు. ఇంకో చుట్టు. రెండువందలు. మూడువందలు. నల్లగుండు అతడి ఎడమపక్కన మౌనంగా తిరిగింది. దాని చుట్టూ చుక్కల వెలుగు వంగి వెండి కడియంలా మెరుస్తోంది. సారంగి నోట నురగ కట్టింది.

నాలుగువందల ఇరవై దగ్గర కొండ చరియ మీద తెల్లటి గీత ఒకటి పడింది. పోలన కళ్ళు నులుముకున్నాడు. గీత పక్కన ఇంకో గీత, ఆపైన తలకట్టు. పగలూ రాత్రీ మిణుకుతుంటే, ఒక్కో పగటికి ఒక్కో వంపు చొప్పున నల్లరాతి మీద తాడిచెట్టంత సున్నపు అక్షరాలు పుట్టుకొస్తున్నాయి. బయట కువలయకి నెలలు గడుస్తున్నాయి. అన్న చెయ్యి వదలడం లేదని, తన గుర్రం ఒట్టిగా దాటిపోయిందని ఆమె రోజుల తరబడి చూసి ఉంటుంది. చూసి ఊరుకోలేదు.

రెండోసారి బండ దగ్గరపడేసరికి రాత పూర్తయింది.

"ప్రభూ! కొండ మీద చదవండి!"

జయధీరుడు తల తిప్పాడు. కొండ నిండా ఒకటే మాట. "అన్నయ్యా, చెయ్యి వదులు. గువ్వ."

కత్తి పట్టిన చెయ్యి ఆగిపోయింది. ఆ పేరుతో చెల్లెల్ని అతడు తప్ప ఎవరూ పిలిచేవారు కాదు. "గువ్వకి అక్షరాలు రావే" అన్నాడు వెర్రివాడిలా. "పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఓనమాల దగ్గర ఏడుస్తూ కూర్చుంది."

"ఇప్పుడామెకి పంతొమ్మిదేళ్ళు! వదలండి!"

రాకుమారుడు వదిలేశాడు.

అతడి ముఖంలో నొప్పి ఒక్కసారిగా మాయమవడం పోలన చూశాడు. పన్నెండు ఘడియలుగా చేతుల్ని చీల్చేస్తున్న బరువు ఏమైందో తెలియనట్టు, రాకుమారుడు దూదిపింజలా గాలిలో తేలాడు. సారంగి దూసుకొచ్చింది. పోలన అతడి నడికట్టు అందుకుని ఒక్క గుంజు గుంజి వెనక కూర్చోబెట్టుకున్నాడు. ఆ కుదుపుకి భుజం కీలు కలుక్కుమంది. ఆరువందల పది.

"ఇద్దరి బరువు దీనికి ఎక్కువ. నన్ను వదిలెయ్యి" అన్నాడు జయధీరుడు.

"బరువుతో పని లేదు ప్రభూ. ఈ బయలు ఏనుగునైనా ఈకనైనా ఒకేలా తిప్పుతుంది. వేగంతోనే పని. డొక్కల్లో తన్నండి!"

సారంగి ప్రాణం పెట్టి పరిగెత్తింది. ఎర్రరాళ్ళు వెనకబడ్డాయి. వాళ్ళ దారి మెల్లగా విప్పుకుంటూ బయటికి తిరిగింది. సరిగ్గా అప్పుడు కుడివైపు చక్రాల మోత వినిపించింది. నాలుగు నల్లగుర్రాలు కట్టిన రాగిరథం వాళ్ళకి సమంగా వస్తోంది. దానిమీద మెరుస్తున్న జడలతో, నున్నటి ముఖంతో తామ్రజటి నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ఉచ్చుతాడు ఉంది. ఇది మాయ కాదు, ముప్పేటగా పేనిన నారతాడు.

"నా రాకుమారుణ్ణి ఎక్కడికి తీసుకుపోతున్నావురా, గొలుసుగాడా?"

తాడు సర్రున వచ్చి సారంగి మెడకి తగులుకుంది. గుర్రం వేగం తగ్గింది. తగ్గిన మరుక్షణమే దారి మళ్ళీ గుండువైపు ఒరగసాగింది. ఏడువందల నలభై. పోలన మొలలోని చాకు తీశాడు. తాడు కోస్తే వాడు ఇంకోటి విసురుతాడు. వేళ లేదు.

"ప్రభూ, కళ్ళెం పట్టుకోండి. మీకు తిన్నగా అనిపించిన దారినే పోండి, గుర్రం తల తిప్పకండి. రాజధానికి చేరేదాకా ఎక్కడా ఆగకండి."

"మరి నువ్వు?"

పోలన ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండోచేత్తో సారంగి మెడ దగ్గర దాన్ని కోసి, రథం మీదికి దూకాడు. బిగువు తప్పిన తాడుతో పాటు తామ్రజటి వెనక్కి పడ్డాడు. పోలన వాడి మీద పడ్డాడు. వాడు గుద్దాడు, పోలన కరిచాడు. రథం అటూ ఇటూ ఊగింది. పోలన లెక్క మాత్రం ఆపలేదు. గుద్దుకీ గుద్దుకీ మధ్య గొణుగుతూనే ఉన్నాడు. ఎనిమిదివందలు. ఎనిమిదివందల తొంభై. తొమ్మిదివందల ఎనభై దగ్గర తల ఎత్తి చూస్తే, సారంగి బాణంలా తెల్లరాళ్ళు దాటుతోంది. దాటగానే ఆ గుర్రమూ ఆ మనిషీ మిణుకుమని మాయమయ్యారు. బయటి కాలం వాళ్ళని తన వేగంలో కలిపేసుకుంది.

గడువుకి ఇంకా పాతిక రోజులు ఉన్నాయి. రాజధానికి నాలుగు రోజుల దారి. పోలన లెక్క ఆపేశాడు.

"సంతోషించు" అన్నాడు తామ్రజటి రొప్పుతూ, నోటి రక్తం తుడుచుకుంటూ. "వాడు గట్టెక్కాడు. నీ సంగతేమిటి? ఇద్దరం ఇలా కొట్టుకుంటూ ఉంటే బయట నీకు తెలిసినవాళ్ళ తలలన్నీ నెరిసిపోతాయి. నాకేం, నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. నీకో?"

వాడు పగ్గాలు రెండు చేతులా వెనక్కి లాగాడు. నల్లగుర్రాలు నడకకి దిగాయి. రథం నల్లగుండువైపు ఒరగడం మొదలైంది. గడ్డి అయిపోయింది. ఇప్పుడు చక్రాల కింద బూడిదరంగు రాయి. పగలూ రాత్రీ వేరువేరుగా కనిపించడం మానేసి, ఆకాశమంతా ఒకటే నీరుకావి రంగయింది. సూర్యుడు కనిపించలేదు. ఆ చోట నిప్పుతీగలాంటి గీత ఒకటి దక్షిణానికి దిగి, మళ్ళీ ఉత్తరానికి ఎక్కింది. ఒక ఏడాది.

పోలనకి కువలయ జ్ఞాపకం వచ్చింది. ఆమె ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుందో ఊహించడానికి కూడా వ్యవధి లేదు. ఊహించేలోగా ఆమె ఆ పని పూర్తిచేసేసి ఉంటుంది.

తామ్రజటి పగ్గాలు ఇంకా బిగించాడు. ఎదుటివాడు భయంతో వాటినే పట్టుకుని గుర్రాల్ని బయటికి తిప్పబోతాడని వాడి అంచనా. అలా తిప్పితే గుర్రాలు ఇంకా నెమ్మదిస్తాయి. నెమ్మదిస్తే గుండులో పడటమే. ఆఖరి క్షణంలో తను గుండు వెనకున్న గోపురంలోకి దూకేయవచ్చని వాడి ధీమా.

పోలన పగ్గాల జోలికి పోలేదు. రథం మూలనున్న కొరడా తీసుకున్నాడు. మెరుపులా పోయినవాడు గుండుని చుట్టి అవతలి ఒడ్డున తేలతాడన్న అవ్వ మాట తలచుకుని, గుర్రాల ముఖాలు నల్లగుండుకి వెంట్రుకవాసి పక్కగా ఉన్నాయో లేదో ఒక్కసారి కంటితో కొలిచాడు. ఉన్నాయి.

"ఒరే, ఏం చేస్తున్నావు? అటు కాదు!" అని కేకపెట్టాడు తామ్రజటి. వాడి గొంతులో భయం పలకడం అదే మొదటిసారి.

పోలన నాలుగు గుర్రాల వీపుల మీదా కొరడా ఝళిపించాడు.